సగంలో ఆపిన ఏడుపు

చెంబు ఎప్పుడో తెల్లబడింది. అయినా సోని బోరింగు దగ్గర కూర్చుని బూడిదతో దాన్ని తోముతూనే ఉంది. మూతి లోపల వేళ్ళు పెట్టి రుద్దుతోంది, బోర్లించి రుద్దుతోంది, కడిగి మళ్ళీ బూడిద అద్దుతోంది. రేగులకుంట తండాలో పొయ్యిలు అంటుకునే వేళ అది. పామాయిల్ తోటలకు పనికి పోయే ఆడవాళ్ళు డబ్బాల్లో అన్నం సర్దుకుంటున్నారు. ఎవరికీ ఇంకా ఏమీ తెలియదు. సోనికి తెలుసు. తెలిసినదాన్ని తెలియనట్టు కూర్చోవడం ఎంత కష్టమో ఆమెకు ఆ పొద్దున్నే అర్థమవుతోంది.

"నువ్వు తోటకు రాలే. ఇంట్లనే ఉన్నవ్. ఎవరన్న వచ్చి చెప్తే అప్పుడే తెలిసినట్టు ఉరుకు," అని చెప్పి పోయాడు హరిలాల్. చెబుతున్నంతసేపూ పెళ్ళాం మొహంలోకి చూడలేదు. గోడకు ఆనించి ఉన్న గెల కోసే గెడను చూస్తూ చెప్పాడు.

జరిగినదాన్ని నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. బసవపున్నయ్య తోటలో ఈ ఏడు నాటిన లేత పామాయిల్ మొక్కలున్నాయి. అడవి పందులకు లేత మొవ్వంటే ప్రాణం. వాటి కోసం తోట అంచున ఇనుప తీగ కట్టి, మోటారు డబ్బా నుంచి దానికి కరెంటు ఇస్తారు. చీకటి పడ్డాక ఇచ్చి, తెల్లవారగానే తీసేస్తారు. అది తప్పని అందరికీ తెలుసు, తెలిసీ కడతారు. పంది పడితే మాంసం తండాకు, మొక్క బతికితే లాభం బసవపున్నయ్యకు. తీగ పని హరిలాల్, బాబూరావులది. మంగీలాల్‌ది నీళ్ళ పని. వెలుగు రాకముందే పోయి డ్రిప్పు వాల్వులు తిప్పాలి. తీగ అడవి వైపు ఉంటుందని అతనికి తెలుసు కాబట్టి రోజూ గట్టు వైపు నుంచి పోతాడు. ముందురోజు పందులు గట్టు వైపు తవ్వాయని బసవపున్నయ్య తీగను అటు మార్పించాడు. మార్చిన సంగతి మంగీలాల్‌కు బాబూరావు చెప్పి ఉంటాడనుకున్నాడు హరిలాల్. హరిలాల్ చెప్పి ఉంటాడనుకున్నాడు బాబూరావు. ఆ సాయంత్రం ముగ్గురూ ఒకే బండ మీద కూర్చుని బీడీలు కాల్చారు. సినిమా ముచ్చట్లు చెప్పుకున్నారు, పక్క తండా పెళ్ళి ముచ్చట చెప్పుకున్నారు. తీగ ముచ్చట రాలేదు.

గెలలు కోసిన తోటలో రాలిన పండ్లు ఏరడం సోని పని. ఎండ ముదరకముందే సంచి నింపుకుందామని ఆమె కూడా పెందలాడే బయలుదేరింది. నీళ్ళ చెంబు చేతిలో ఉంది. గట్టు ఎక్కేసరికి బాబూరావు వంగి తీగ చుట్టుకుంటున్నాడు. హరిలాల్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. మంగీలాల్ వెల్లకిలా పడి ఉన్నాడు. కాలు దగ్గర ఏదో కాలిన వాసన. పెదాలు కదులుతున్నాయి.

"నీళ్ళు," అన్నాడు మంగీలాల్.

సోని అతని తల ఒళ్ళో పెట్టుకుని చెంబు వంచింది. ఒక గుక్క దిగింది. ఇంకో గుక్క జారి ఆమె కొంగు మీద పడింది.

"ఆటో పిలువుండ్రి! దవాఖానకు తీస్కపోదం. పానం ఉన్నది," అని అరిచింది.

"ఏమని చెప్పాలె ఆడ?" అన్నాడు హరిలాల్.

"ముందు సారుకు చెప్దం," అన్నాడు బాబూరావు. అని ఫోను తీసి బసవపున్నయ్యకు చేశాడు. ఆటోకు చేయలేదు, అంబులెన్సుకు చేయలేదు. అవతల ఆయన నిద్రలేచి, విషయం అర్థం చేసుకుని, తిట్టి, మళ్ళీ అడిగి, "నా తోటలో ఉంచకండ్రా, ముందు అక్కణ్ణుంచి తీయండి," అనే లోపల సోని ఒళ్ళో ఉన్న తల బరువెక్కింది. తర్వాత ఇద్దరూ అతన్ని తోట దాటించి కాలవ గట్టు మీద పడుకోబెట్టారు. ఆ ఫోను మాట్లాడినంతసేపూ మంగీలాల్ బతికే ఉన్నాడు. సోని మింగలేకపోతున్నది అదొక్కటే. తీగ సంగతి పొరపాటంటే పొరపాటు. ఇది పొరపాటు కాదు.

బోరింగు దగ్గరికి బండి చప్పుడు వినిపించింది. బాబూరావు బండి దిగకుండానే కేకేశాడు.

"మంగీలాల్ కాల్వ గట్టు మీద పడిపోయిండు! గుండె పట్టేసింది! పానం పోయింది!"

తండా అంతా ఒక్కసారి లేచింది. పొయ్యిల మీద గిన్నెలు అట్లాగే వదిలేసి మనుషులు ఉరికారు. మంగీలాల్ పెళ్ళాం కమ్లి గుడిసెలోంచి బయటికి వచ్చింది. చేతులకు జొన్నపిండి అంటుకుని ఉంది. అర్థం కానట్టు అటూ ఇటూ చూసి, బోరింగు దగ్గర సోని కనిపించగానే "దా బాయీ, దా," అని పిలిచి పరుగెత్తింది. అక్కలాంటి దాన్నీ చెల్లెల్లాంటి దాన్నీ తండాలో బాయీ అనే పిలుస్తారు. ఈ ఇద్దరూ ఒకే ఎండాకాలంలో కోడళ్ళుగా ఈ తండాలో అడుగుపెట్టారు. కష్టమైనా సుఖమైనా ఒకరి ఇంటి నిప్పు ఒకరు తెచ్చుకున్నారు. కమ్లి రమ్మంటే సోని రాకుండా ఉండడం అప్పటిదాకా జరగలేదు. ఆ పొద్దున జరిగింది. చెంబు చేతిలో పట్టుకుని సోని నిలబడిపోయింది.

*

మంగీలాల్‌ను వాకిట్లో పడుకోబెట్టారు. మగవాళ్ళు నీళ్ళు పోశారు. స్నానం తామే చేయిస్తామని హరిలాల్, బాబూరావు పట్టుబట్టారు. చుట్టూ దుప్పటి పట్టించారు, ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వలేదు. పాదాల నుంచి మోకాళ్ళ దాకా పసుపు దట్టంగా మెత్తారు. కొత్త ధోవతిని మడమల మీదికి లాగారు. చూసినవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. స్నేహమంటే ఇట్లా ఉండాలన్నారు. హరిలాల్ నిజంగానే ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే పసుపు మెత్తాడు. మనిషి రెండు పనులూ ఒకేసారి చేయగలడు, చూడలేకపోతాం గానీ.

కమ్లి తమ్ముడు బిచ్యా ఖమ్మంలో, ఖానాపురం హవేలి వైపు షేర్ ఆటో నడుపుతాడు. ఫోనులోనే గొడవ మొదలుపెట్టాడు. "మొన్ననే మాట్లాడిన, గట్టిగున్నడు. పోలీసోళ్ళకు చెప్పకుండ ఎత్తొద్దు," అన్నాడు. ఆ మాట బసవపున్నయ్య చెవిన పడింది. ఆయన చురుకైనవాడు. ఎవరో పోయి చెప్పేదానికన్నా తానే చెబితే నయమనుకుని, మధ్యాహ్నానికి ఎస్సైని, కానిస్టేబుల్‌ను తన కారులోనే ఎక్కించుకుని వచ్చాడు. వేపచెట్టు కింద కుర్చీలు వేయించాడు.

"మంచి పనోడండీ. నీళ్ళ విషయంలో ఒక్కనాడు మాట రానీయలేదు," అన్నాడు ఎస్సైతో. "టైముకి తినరు, తాగుతారు, ఈ ఎండలు. గుండె ఏం తట్టుకుంటుంది చెప్పండి?"

మంగీలాల్ తాగడు. ఆ మాట అనాల్సినవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు. ఎవరూ అనలేదు.

సోని పొద్దుటి నుంచీ పని వెతుక్కుంటోంది. నీళ్ళు తెస్తోంది, వచ్చినవాళ్ళకు చాపలు వేస్తోంది, కట్టెల లెక్క మగవాళ్ళను అడుగుతోంది. వాకిట్లోకి మాత్రం పోవడం లేదు. లంబాడీ ఆడవాళ్ళు ఒంటరిగా ఏడవరు. మెడలో చేతులు వేసుకుని, ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి, మాటలు కట్టి రాగం తీసి ఏడుస్తారు. పోయినవాడు తనకేమవుతాడో చెప్పడంతో మొదలుపెట్టి, చివరిసారి ఎక్కడ చూసిందీ, ఏం పెట్టిందీ చెప్పేదాకా రావాలి. ఎంత గడుసుదైనా ఆ రాగంలో అబద్ధం కట్టలేదు. అబద్ధం కట్టాలంటే ఆలోచించాలి, ఆలోచిస్తే రాగం తెగిపోతుంది. సోని భయం అదే.

తండాలో ప్రతి ఆడదీ వచ్చి కమ్లి మెడ పట్టుకుని ఏడ్చి లేచింది. సోని ఒక్కతే మిగిలింది. ఆ సంగతి ముందుగా ముసలివాళ్ళు గమనించారు, తర్వాత అందరూ గమనించారు. తండా పెద్ద హేమ్లా చేతికర్ర ఊతంగా వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు.

"ఏమే, కమ్లి నీకోసమే చూస్తున్నది. నువ్వింకా ఏడ్వకపోతివి. ఏంది సంగతి?"

ఆమె చేతిలోంచి బిందె ఆయనే తీసి కింద పెట్టాడు. హరిలాల్ వేపచెట్టు దగ్గర నుంచి తల అడ్డంగా ఊపాడు, పోవద్దన్నట్టు. కానీ పోకపోతే ఇంకా పెద్ద అనుమానం. సోని వాకిట్లోకి నడిచింది.

కమ్లి చేతులు చాచింది. సోని కూలబడి ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. కాసేపు ఉత్త ఏడుపే ఏడ్చింది, మాట లేకుండా. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఎదురు చూశారు. మాట లేని ఏడుపు ఎంతసేపు నిలుస్తుంది? రాగం దానంతట అదే వచ్చేసింది. తమ మాటలో, లంబాడీలో సాగిన ఆ ఏడుపును తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది.

"ఓ భియా, నా తోడబుట్టకపోయినా అన్నవైతివి భియా. కోడలిగా వచ్చిననాడు నీళ్ళ దారి చూపితివి భియా. కోడి కూయకముందే లేస్తివి, మా గడప ముందు నుంచే పోతివి. లేచినవా చెల్లె అని పిలుస్తివి భియా..."

కమ్లి ఆమె వీపు నిమురుతూ తానూ రాగం కలిపింది. ఇద్దరూ ఊగుతున్నారు. సోని కళ్ళు మూసుకుంది. కళ్ళు మూస్తే గట్టు కనిపించింది.

"...గొంతెండి నీళ్ళడిగితివి భియా. నా చేతి చెంబు నీ పెదాలకు పెడితిని భియా. ఒక గుక్క లోపలికి పాయె, ఒక గుక్క నా కొంగు మీద జారె. నా ఒళ్ళో తల పెట్టి..."

అక్కడ ఆగింది. తన గొంతు తనకే వినిపించి ఆగిపోయింది.

వీపు నిమురుతున్న కమ్లి చెయ్యి నిలిచిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళ ఏడుపు కూడా నిలిచిపోయింది. గుండె ఆగి కాలవ గట్టు మీద పడి ఉన్నాడన్న మనిషి, ఎవరూ చూడకముందే పోయాడన్న మనిషి, నీళ్ళడిగి తాగాడు. సోని చేతి నీళ్ళు తాగాడు. తండా మొత్తం విన్నది. ఏడుపులన్నీ ఒక్కసారి ఆగేసరికి కుర్చీలో ఉన్న ఎస్సై కూడా తల ఎత్తాడు.

"ఏందయ్యా, ఏమంటుందామె?" అని అడిగాడు. ఆయనకు లంబాడీ రాదు. కానిస్టేబుల్‌కూ రాదు.

బాబూరావు ముందుకొచ్చాడు. "ఏముంది సార్. పొద్దున్నే నీళ్ళు కట్టనీకి పోయేటోడివి, మమ్మల్ని ఇడిసిపోతివి అని ఏడుస్తుంది. కోడళ్ళుగ వచ్చిన సంది దోస్తులు సార్ ఈ ఆడోళ్ళిద్దరు."

నీళ్ళన్న మాట మాత్రం ఉంచి మిగతాదంతా మార్చేశాడు. కళ్ళ ముందే మార్చేశాడు. తండా అది కూడా విన్నది. బిచ్యా ఇంకా దారిలోనే ఉన్నాడు. హేమ్లా కర్ర వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఎస్సై లేచి కమ్లి దగ్గరికి వచ్చాడు. మంచిగానే మాట్లాడాడు. "చూడమ్మా, నీ భర్త చావు మీద నీకేమన్న అనుమానం ఉంటే ఇప్పుడే చెప్పాలె. అనుమానం ఉందంటే పోస్టుమార్టం చేస్తరు, బాడీని పెద్ద దవాఖానకు పంపాలె. లేదంటే మీ పద్ధతి ప్రకారం చేసుకోండ్రి. ఏమంటవ్? అనుమానం ఉన్నదా?"

కమ్లి మొగుడి మొహం చూసింది. పసుపు పూసిన కాళ్ళు చూసింది. తన మెడ మీది నుంచి చేతులు తీసి ముడుచుకుని కూర్చున్న సోనిని చూసింది.

"లేదు సార్," అంది. "అనుమానం లేదు."

బసవపున్నయ్య ఊపిరి వదిలిన చప్పుడు దగ్గరున్నవాళ్ళకు వినిపించింది. ఎండ తగ్గకముందే మంగీలాల్‌ను వాగు ఒడ్డుకు మోసుకుపోయారు. పాడె ముందు వైపు హరిలాల్ పట్టాడు. బిచ్యా వచ్చేసరికి చితి సగం కాలింది.

*

ఆ సాయంత్రం హరిలాల్ అన్నం ముందు కూర్చుని వేళ్ళు కూడా తడపలేదు.

"ఎందుకట్లన్నవ్?" అన్నాడు చివరికి.

"ఏడుపు నా చేతిల ఉంటదా?"

"దోస్తును సంపుకుంటనా నేను? చెప్పు. కావాలని చేసిన్నా?"

"తీగ కావాలని చెయ్యలే," అంది సోని. "ఫోను కావాలనే చేసిండ్రు."

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. కడగడానికి ఏమీ లేకపోయినా కడుక్కున్నాడు. మనిషి ఒక్కరోజులో పెద్దవాడైపోయినట్టు కనిపించాడు. జాలేసింది సోనికి. పదో తరగతి చదువుతూ గురుకులం హాస్టల్లో ఉన్న కూతురు భార్గవి గుర్తొచ్చింది. దానికి తండ్రంటే ఎంత ఇదో గుర్తొచ్చింది. ఆ జాలితోనే అతని అన్నం మీద మూత పెట్టింది.

మర్నాడు తండా పనికి పోయింది. అశ్వారావుపేట మిల్లుకు లారీ పోవాలి, గెలలు చెట్టు మీద ఆగవు. హరిలాల్ గెడ ఎత్తి, కొనకు కట్టిన కొడవలిని మట్టకు తగిలించి లాగుతున్నాడు. మట్ట తెగి పడింది, వెనకే గెల దబ్బున పడింది. గెల పడ్డచోట నారింజ రంగు పండ్లు చెల్లాచెదురుగా దొర్లాయి. ఆడవాళ్ళు వంగి ఏరడం మొదలుపెట్టారు. మట్టల ముళ్ళు వేళ్ళకు గుచ్చుకుంటాయి, నూనె జిగురు చేతులకు పట్టుకుంటుంది, గడ్డిలో పడినదాన్ని చూపుతో కాదు చేత్తో తడిమి వెతకాలి. రోజూ పాటలో, తిట్లో, పరాచికాలో వినిపించే తోట ఆ రోజు మూగబోయింది. ఒక్కతే మాట్లాడింది, సోని పక్కన ఏరుతున్న ముసలామె.

"పోయినోడు ఎట్లయినా పోయిండు. ఉన్నోళ్ళ ఇండ్లు కూలగొట్టుకుంటే ఏమొస్తది బిడ్డా? ఏడ్చినవ్, అయిపోయింది. ఇగ నోట్ల నుంచి రానియ్యకు."

అంటే అందరికీ తెలుసు. అందరూ కలిసి మాట్లాడుకోకుండానే ఒక మాట మీదికి వచ్చారు. ఆ మాటలో చోటు లేనిది కమ్లి ఒక్కదానికే. సోనికి ఏడుపు కన్నా సిగ్గు ఎక్కువగా వచ్చింది. తోటి ఆడవాళ్ళు తనను తిడితే బాగుండునని అనిపించింది. వాళ్ళు తిట్టలేదు సరికదా, మధ్యాహ్నం ఆమె గిన్నెలో తలా ఒక పచ్చడి బద్ద వేశారు. తమలో కలుపుకున్నారు.

బసవపున్నయ్య సాయంత్రం తోటకు వచ్చాడు. గట్టు వైపు నడిచి చూసి వచ్చాడు. వట్టి గట్టే ఉంది. "వాల్వులు తిప్పేవాడు కావాలిరా, చూడండి," అన్నాడు బాబూరావుతో. కారెక్కి పోయాడు.

*

మూడో రోజు పొద్దున ఆడవాళ్ళు రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి చూర్మో చేశారు. వాగు ఒడ్డున బూడిద దగ్గర దాన్ని పెట్టి, నీళ్ళు చల్లి, దండం పెట్టుకున్నారు. మగవాళ్ళు ఎగువన మద్దిచెట్టు కింద కూర్చున్నారు. అందరూ లేచి బయలుదేరబోతుంటే కమ్లి లేవలేదు.

"సోనీ, దా," అంది.

వాకిట్లో ఆ ఏడుపు ఆగినప్పటి నుంచి ఆమె సోనితో అన్న మొదటి మాట అదే. సోని వెళ్ళి కూర్చుంది. కమ్లి ఆమె మెడలో చేతులు వేసింది.

"ఏడుపు సగంల ఆపినవ్. పోయినోడికి సగం ఏడుపు పెట్టొద్దు. పూర్తి చెయ్."

ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడ్డారు. ముసలామె కళ్ళతో వద్దని చెప్పింది. సోని కమ్లి మొహంలోకి చూసింది. అందులో కోపం వెతికింది, కనిపించలేదు. దాహం ఉంది. మొగుడి ఆఖరి గడియ తన దగ్గర లేకుండా ఇంకొకామె ఒళ్ళో ఉండిపోయింది, అది తనకు కావాలి. అంతే. అది ఇవ్వకుండా ఉంచుకోవడం దొంగతనమని సోనికి అనిపించింది.

రాగం తీసింది. ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే ఎత్తుకుంది. తల ఒళ్ళో పెట్టుకున్నది చెప్పింది. చుట్టిన తీగ సంగతి చెప్పింది. దవాఖానకు పోదామని తాను మొత్తుకున్నది, వాళ్ళు ఫోను చేసినది, ఆ ఫోను ఎంతకీ అవ్వనిది, అన్నీ మాటలు కట్టి చెప్పింది. ఎగువన మద్దిచెట్టు కింద మాటలు ఆగిపోయాయి.

"ఏమన్న అన్నడా?" అని కమ్లి మధ్యలో అడిగింది. రాగం లేకుండా, మామూలుగా అడిగింది.

"నీళ్ళు తాగినంక అన్నడు," అంది సోని. "వాల్వు తిప్పలేదు అన్నడు."

కమ్లి నోటి నుంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వేమో అనుకున్నారు ముందు. "గదే అంటడు," అంది. "చస్తాంటే గూడ గదే అంటడు." అప్పుడు ఏడ్చింది. మూడు రోజుల ఏడుపు వేరు, ఈ ఏడుపు వేరు. ఇది చాలాసేపు ఆగలేదు.

ఆగాక మొహం కడుక్కుని లేచింది. అందరూ తండా దారి పట్టారు. ఆమె రోడ్డు దారి పట్టింది. సోని వెనకే నడిచింది.

"యాడికి బాయీ?"

"టేషన్‌కు."

"మొన్న నువ్వే అనుమానం లేదంటివి గద."

"అవ్, అన్న. అనుమానం ఉన్నదా అని అడిగిండు. అనుమానం యాడిది? నీ ఏడుపు ఇన్నంక నాకు ఎరుకాయె. ఎరుకైనంక అనుమానం ఉంటదా?" కమ్లి నడక ఆపలేదు. "ఉన్నదంటే కోస్తరు. దవాఖానల కోసి కుట్టి మూట గట్టి ఇస్తరు. నిండు మనిషిని పంపుదామనుకున్న, పంపిన. ఇగ కోసేతందుకు ఏం లేదు."

"ఇప్పుడు పోయి ఏం జూపెడ్తవ్? అంత కాలిపాయె."

"నువ్వున్నవ్ గద," అంది కమ్లి. "గని నిన్ను రమ్మనను. నీ ఇల్లు, నీ బిడ్డ. ఆటో వస్తది. ఎక్కితే ఎక్కు, లేకుంటే లేదు. నేనైతే పోత."

ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు. హరిలాల్ ఎగువ నుంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. రొప్పుతున్నాడు. కమ్లి వైపు చూడలేక సోని ముందు నిలబడ్డాడు.

"పోకు. భార్గవి మొహం చూడు. జైలుకు పోతే దాని బతుకేమయితది?"

సోని తండా వైపు చూసింది. ఆమె కాళ్ళు వెనక్కి పడేలాగే ఉన్నాయి. ఆ మాట దగ్గరే అతను ఆగి ఉంటే ఆమె తండాకు తిరిగిపోయేదేమో. కానీ అతను ఆగలేదు.

"ఆటోల ఏస్కున్నా మధ్యలనే పోతుండె వాడు. ఎట్లయినా పోయేటోడే," అన్నాడు.

సోని అతని మొహం చూసింది. మూడు రోజుల్లో మొదటిసారి అతనూ ఆమె మొహం చూశాడు.

"ఏస్కొని ఉంటే తెలుస్తుండె," అంది సోని.

ఆటో వచ్చి ఆగింది. కమ్లి ఎక్కి లోపలికి జరిగింది. సోని కొంగు దగ్గరికి లాక్కుని ఎక్కి ఆమె పక్కన కూర్చుంది. హరిలాల్ ఆటో కమ్మీ పట్టుకున్నాడు, కదిలాక వదిలేశాడు.

దారి పొడవునా సోని తెలుగు మాటలు వెతుక్కుంది. తండాలో తండా మాటే, తెలుగు బయటి పనులకు. సంతకు, తోటకు, దవాఖానకు సరిపోయేంత తెలుగు ఆమెకు వచ్చు. ప్రాణం పోవడాన్ని ఆ తెలుగులో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. గట్టుకు మాట ఉంది, తీగకు మాట ఉంది. ఒళ్ళో తల బరువెక్కడానికి ఏమంటారో తట్టలేదు.

స్టేషన్లో ఎస్సై కమ్లిని గుర్తుపట్టాడు. కూర్చోమన్నాడు. విషయం విని కనుబొమలు ముడిచాడు.

"మొన్న అందరి ముందు అనుమానం లేదంటివి గదమ్మా?"

"లేదు సార్," అంది కమ్లి. "ఇప్పుడు గూడ లేదు. ఈమె చెప్తది."

సోని నోరు తెరిచింది. తండా మాటే వచ్చింది, తెలుగు రాలేదు. బల్ల అంచు పట్టుకుంది. గది చుట్టూ చూసింది. ఇక్కడ రాగం తీయడానికి లేదు, తీసినా వీళ్ళకు తెలియదు. కమ్లి కుర్చీ దగ్గరికి జరిపి, వాగు ఒడ్డున వేసినట్టే, ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసింది.

"తెలుగుల ఏడ్వు," అంది మెల్లగా.

రాగం లేకుండా, మాటల మధ్య తడుముకుంటూ, ఉన్నంత తెలుగులోనే సోని చెప్పింది. "నీళ్ళడిగిండు సార్. నేనే పోసిన. బతికే ఉండె." అక్కణ్ణుంచి వెనక్కీ ముందుకూ పోతూ చెప్పింది. ఎస్సై రాయడం మొదలుపెట్టాడు. బసవపున్నయ్య పేరు వచ్చినప్పుడు కలం ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ కదిలింది. బాబూరావు పేరు రాసుకున్నాడు.

"ఫోన్ చేసింది బాబూరావు. సరే. ఇంకో మనిషి ఎవరు?"

"ఉండె సార్ ఇంకొకాయన."

"అదేనమ్మా, ఎవరు? పేరు చెప్పు."

సోని తల వంచుకుంది. ఆ తండాలో పెళ్ళయిన ఆడది మొగుడి పేరు నోట పలకదు. పలికితే అతనికి ఆయుష్షు తగ్గుతుందంటారు. పెళ్ళయిన నాటి నుంచి, కోపంలో గానీ ఏడుపులో గానీ, దేవుడి ముందు గానీ, ఆమె ఆ పేరు పలకలేదు. అవసరమైతే భార్గవి బాపు అనేది. పక్కవాళ్ళను అడగమనేది.

"భార్గవి బాపు," అంది.

"అట్లా రాస్తే చెల్లదమ్మా. పేరు కావాలె."

కానిస్టేబుల్ కమ్లి వైపు చూశాడు, ఆమెనైనా చెప్పమన్నట్టు. కమ్లికి ఆ పేరు పలకడానికి ఏ అడ్డూ లేదు. ఒక్క మాటలో చెప్పెయ్యగలదు. అయినా చెప్పలేదు. సోని మెడ చుట్టూ ఉన్న చెయ్యి మాత్రం తీయలేదు.

సోని పెదాలు తడుపుకుంది.

"హరిలాల్," అంది.